కొట్టు నుంచి వంటింటి దాకా

మా ఇల్లు పొడుగాటిది. రోడ్డు మీదికి పురుగుమందుల కొట్టు, దాని వెనక గోడౌను, ఆ వెనక మేముండే రెండు గదులు, వంటిల్లు. నా భార్య వంటింట్లోంచి ఒక్క కేక వేస్తే గోడౌనంతా దాటుకుని కొట్లో బేరమాడుతున్న రైతుకి కూడా వినపడేది. "అమ్మగారి పిలుపొచ్చింది, ఇంక మా బేరం తెగినట్టే" అని వాళ్లు నవ్వేవాళ్లు.

పోయినేడు గుంటూరులో ఆపరేషన్ చేసి ఆమె స్వరపేటిక తీసేశారు. గడ్డ అలాంటిది, వేరే దారి లేదన్నారు. ఇప్పుడు మెడ ముందు పెట్టిన రంధ్రంలోంచే ఆమెకి ఊపిరి. మందుల ఘాటు నేరుగా లోపలికి పోతుంది కాబట్టి గోడౌను దాటి కొట్లోకి రాకూడదు. ఆ రంధ్రంలో కఫం అడ్డం పడితే మాత్రం ఎవరో ఒకరు వెంటనే మిషన్ పెట్టి లాగాలి. ఆ ఒకరూ నేనే. ఆ సమయానికి నేను కొట్లో ఉంటే ఏమవుతుందో డాక్టర్ చెప్పలేదు, అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

ముందు కాలింగ్ బెల్ పెట్టించాను. ఉప్పు అయిపోయినా అదే మోత, ఊపిరాడకపోయినా అదే మోత. ప్రతిసారీ నేను రొప్పుకుంటూ రావడం చూసి ఆమె అసలు బెల్లు నొక్కడమే మానేసింది. దాంతో నాకు ఇంకా భయం పట్టుకుంది. వంటింట్లో సెల్ సిగ్నల్ రాదు.

అప్పుడు అటక మీది డబ్బా గుర్తొచ్చింది. రౌటర్ కూడా లోపలే ఉండే మోడెమ్ అది. నెట్ లైను మాటిమాటికీ తెగుతుంటే ఒళ్లు మండి కనెక్షన్ పీకించేశాను. డబ్బా నేను కొన్నదే కనక మిగిలింది. దాన్ని తుడుస్తుంటే పక్కింటి అత్తయ్య వచ్చింది.

"నెట్టే లేకపోతే ఆ డబ్బా దేనికి అల్లుడూ, దిష్టికి కడతావా?"

"ఊళ్ళో వాళ్లతో నాకేం పని అత్తయ్యా? కొట్టుకీ వంటింటికీ మాటలు నడిస్తే చాలు" అన్నాను.

నిజమే, బయటి లైను లేకపోయినా ఇంట్లో ఫోన్నీ కంప్యూటర్నీ ఆ డబ్బా కలుపుతుంది. పాత పాస్‌వర్డ్ మర్చిపోయాను. రీసెట్ రంధ్రంలో గుచ్చడానికి నా భార్య తన గాజులకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. కరెంటు పోయినా ఆగకుండా డబ్బాని గోడౌను గోడకి, ఇన్వర్టర్ లైను మీద పెట్టాను. అక్కణ్ణుంచి బిల్లులు కొట్టే కంప్యూటర్‌కి వైరు లాగాను. ఆమె ఫోనుని వైఫైకి కలిపాను. ఇంటి లోపలే కబుర్లు పంపుకునే చిన్న ప్రోగ్రామ్ రెండింట్లోనూ వేశాను. కంప్యూటర్‌కి పేరు పెట్టమని అడిగితే ఇంటిపేరుతో సహా నా పేరు కొట్టాను.

"నేను కొట్లో కూర్చుంటా. నువ్వు ఏదో ఒకటి పంపు" అని చెప్పి వెళ్లాను. ఎంతసేపటికీ ఏమీ రాలేదు. వైరు మార్చాను. డబ్బాని ఆపి మళ్ళీ వేశాను. చివరికి చిరాకెత్తి లోపలికి పోయాను.

"పంపమంటే పంపవేందే?"

ఆమె ఫోను నా చేతికిచ్చింది. "అన్నానికి రా" అని కొట్టే ఉంది. ఎవరికి పంపాలి అని అడుగుతూ కింద నా పేరుంది. అది నొక్కలేదంతే. నా పేరు చూపించి, వేలు పెదవుల మీద పెట్టుకుంది.

పెళ్లయిన దగ్గర్నుంచి ఆమె నా పేరు పలకలేదు. ఆస్పత్రిలో భర్త పేరడిగితే నా వైపు చూసేది. మా ఇళ్లలో ఆడవాళ్లందరూ అంతే.

"నువ్వు పలకటంలా గదే, నొక్కుతున్నావు. దానికేమైద్ది?" అన్నాను.

ఫోను తీసుకుని నిదానంగా రాసి చూపించింది. "నొక్కితే లోపల పలుకుద్ది."

నాకు దుఃఖం ఆగలేదు. గొంతు పోయిందని డాక్టర్లతో పాటు నేనూ ఖాయం చేసుకున్నాను. ఆమె లోపల అది ఇంకా మాట్లాడుతూనే ఉంది, ఎక్కడ ఆగాలో కూడా దానికి తెలుసు.

"మరి ఏం పెట్టమంటావు?"

"ఏమయ్యా" అని రాసింది. కంప్యూటర్ పేరు అదే పెట్టాను. ఆ రోజు నుంచి ఉప్పుకీ పప్పుకీ కబుర్లు వస్తూనే ఉన్నాయి.

మిరపకి మందులు కొనే రోజుల్లో ఒక మధ్యాహ్నం బెల్లంకొండ రైతొకడికి మందు డబ్బా మీది మోతాదు చదివి చెప్తున్నాను. కంప్యూటర్ మోగింది. తెర మీద పైన "ఏమయ్యా", కింద "రా". అన్నానికీ కాదు, ఉప్పుకీ కాదు. బస్తాలకి తట్టుకుంటూ పరిగెత్తాను. గోడకి ఆనుకుని నిలబడి ఉంది, పెదాలు నల్లబడ్డాయి. మిషన్ పెట్టి లాగాను. ఊపిరి బుస్సుమని వచ్చింది. ఆమె నా చొక్కా వదలడానికి చాలాసేపు పట్టింది.

తిరిగి వచ్చేసరికి రైతు అక్కడే నిలబడి ఉన్నాడు.

"ఎవురూ పిలవందే అట్టా పరిగెత్తావేంది బాబాయ్?"

"మీ పిన్ని పిలిచిందిరా" అన్నాను.