విప్పి చూడని చీర

మొన్న ఉదయం మా కోడలు తెల్లబట్టల కోసమని కొత్తగా తెచ్చిన బ్లీచింగ్ సీసా మూత తీసింది. ఆ ఘాటు వాసన వంటింటి దాకా వచ్చింది. చిక్కుళ్లు వలుస్తున్న నేను చేట పక్కన పెట్టేశాను. ‘పడలేదా అత్తయ్యా, కిటికీ తీయనా?’ అని అడిగింది పాపం. పడకపోవడమేమీ కాదు. అది జరిగి యాభై ఏళ్లు దాటినా ఆ వాసన తగిలితే నాకు సిగ్గుతో తల వంగిపోతుంది. కారణం మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాలవ్వ అనే ఒకామె ఉండేదనీ, నాకు బట్టలు ఉతకడం నేర్పింది ఆమేననీ కూడా ఎవరికీ చెప్పలేదు. చెబితే మిగతాది కూడా చెప్పాల్సి వస్తుందని భయం.

పెళ్లయి నాచారం క్వార్టర్లకు వచ్చేసరికి నాకు పంతొమ్మిదేళ్లు. మాది తెనాలి వైపు. మా ఆయనకు ఉప్పల్ దగ్గర ప్రభుత్వ ప్రయోగశాలలో ఉద్యోగం. వరసగా పది ఇళ్లు, వెనక ఒక బావి, చుట్టూ జొన్న చేలు, దూరంగా మల్లాపూర్ వైపు అప్పుడప్పుడే లేస్తున్న ఫ్యాక్టరీల రేకులు. బాలవ్వ నాచారం పాత ఊరి చాకలి. పది ఇళ్ల బట్టలూ ఆమే చెరువుకు తీసుకెళ్లి ఉతికి తెచ్చేది. మా అమ్మ వయసు మనిషి. ఆమె నన్ను ‘బిడ్డా’ అనేది. నేనేమో ‘ఏయ్ బాలవ్వా, ఇటు రా’ అని పిలిచేదాన్ని. అందరూ అలాగే పిలిచేవాళ్లు కాబట్టి అందులో తప్పుందని నాకు తోచలేదు.

వచ్చిన కొత్తలో, ఆయన చొక్కాలు నేనే ఉతుకుతానని పంతం పట్టాను. పెరట్లో రాయి మీద వేసి చెయ్యెత్తి బాదుతున్నాను. ఒక బొత్తాం ఎగిరి గోడకు తగిలింది. మూట దింపుకుంటున్న బాలవ్వ అటు చూసింది.

“గా అంగి నీకేం పాపం జేసింది బిడ్డా?”

“మురికి పోవట్లేదు మరి.”

“కొడితె మురికి వోదు, బట్ట వోతది. నానబెట్టినవా?”

“ఇప్పుడే తడిపాను.”

“గంటసేపన్న నాననియ్యాలె. నానితె మురికి అదే ఇడుస్తది. కొట్టుడు ఆఖరి పని. గది గూడ జర మెల్లగ.”

నాకు ఒళ్లు మండింది. చదువుకున్నదాన్ని నాకు ఈమె చెప్పడమేమిటి అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం ఆమె చెప్పినట్టే నానబెట్టి, మెడపట్టీ మీద కుంకుడు రసం రాసి వేళ్లతో నలిపితే నల్లటి గీత అదే కరిగిపోయింది. ఆ తరవాత రెండేళ్లు, ఆమె మూట కట్టుకుంటూ చెప్పిన మాటలన్నీ నేను పైకి ఒప్పుకోకుండా లోపల దాచుకున్నాను. రంగు బట్టలు తిరగేసి నీడలో ఆరవేయాలి. నెత్తుటి మరకకు చన్నీళ్లే వాడాలి. చీరను మెలిపెట్టి పిండితే నూలు విరుగుతుంది, నిలువునా దండెం మీద వేసి నీళ్లు వాటంతట అవే కారనివ్వాలి. గంజి వడగట్టకపోతే ఇస్త్రీలో మచ్చలు తేలతాయి. పసుపు మరకకు సబ్బు పెడితే ఎర్రబడుతుంది, దానికి ఎండే మందు. ఒకసారి మా పెరట్లో బావిలో చల్లడానికి ఇచ్చిన బ్లీచింగ్ పొడి డబ్బా చూసి, “గిది బట్టల దిక్కు రానియ్యకు. తెల్లగ జేస్తది గని పానం తీస్తది” అని కూడా చెప్పింది.

ఆమెకు ఒక పద్ధతి ఉండేది. బట్టలు తీసుకునేటప్పుడు గడప ముందు కూర్చుని ఒక్కొక్కటీ విప్పేది. వెలుతురుకు ఎత్తి పట్టి, అంచులు వేళ్లతో తడిమి, “గీడ సినిగింది, సూసినవా? గీడ నూనె మరకున్నది” అని పైకి చెప్పేది. నేను ‘ఊఁ’ అన్నాకే అది మూటలోకి వెళ్లేది. పనులు ఆగిపోతున్నాయని నాకు విసుగ్గా ఉండేది.

“మా మీద అనుమానమా నీకు?” అన్నాను ఒకసారి.

“అనుమానం గాదు బిడ్డా. ఇప్పి సూడాల్నని మా అత్త నేర్పింది. సూడక తీసుకుంటె తప్పు ఎవలిదైన మాదే అయితది.”

మూడో ఏడు వానాకాలంలో ఉప్పల్లో ఒక బారసాలకు వెళ్లాల్సి వచ్చింది. కట్టుకోవడానికి నా దగ్గర మంచి చీర లేదు. చివరి ఇంట్లో ఉండే శారదాంబ గారు, అంటే మా ఆయన పై అధికారి భార్య, తన వెంకటగిరి చీర ఇచ్చారు. తెల్లటి చీర, సన్నటి జరీ అంచు. వాళ్లమ్మ పెట్టిందట. భోజనాల దగ్గర ఎవరో పప్పుపులుసు వడ్డిస్తూ నా కుచ్చిళ్ల మీద ఒలకబోశారు. పసుపు మరక అరచేయంత అయింది.

మందు నాకు తెలుసు. ఎండలో వేయాలి. కానీ నాలుగు రోజులుగా ముసురు. శారదాంబ గారు చీర అడిగితే ఏం చెప్పాలి, ఆవిడ మొహం ముడుచుకుంటే అది ఆయన ఉద్యోగం దాకా వెళ్తుందేమో అని నా బెంగ. ఒక మధ్యాహ్నం బకెట్లో రెండు గుప్పెళ్ల బ్లీచింగ్ పొడి కలిపి చీర ముంచేశాను. మర్నాడు పొద్దున తీస్తే మరక ఆనవాలు లేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఒక్కసారి జాడించి, వసారాలో తడి ఆర్చి, మడిచి తువ్వాలులో చుట్టి బాలవ్వ చేతికిచ్చాను. సన్నగా తుంపర పడుతోంది.

“జర ఆగు, ఇప్పి సూస్త.”

“ఏమీ లేదు బాలవ్వా, శుభ్రంగా ఉంది. గంజి పెట్టి ఇస్త్రీ చేస్తే చాలు. వాన పెద్దదయ్యేలా ఉంది, వెళ్లు. నేను చెబుతున్నానుగా.”

ఆమె నా మొహం చూసి నవ్వింది. “నువ్వు జెప్పినంక ఏమున్నది తియ్యి” అని మూటలో పెట్టుకుంది. ఆ రెండేళ్లలో ఆమె విప్పి చూడకుండా తీసుకున్న బట్ట అదొక్కటే.

మర్నాడు సాయంత్రం బాలవ్వ వచ్చేసరికి శారదాంబ గారు మా వసారాలోనే కూర్చుని ఉన్నారు. బాలవ్వ చీరను రెండు చేతుల మీద పెట్టుకుని తెచ్చింది. మధ్యలో నాలుగు చోట్ల చీలిపోయింది. పట్టుకున్న చోటల్లా పొడుం రాలుతోంది.

“గంజిల ముంచి ఎత్తిన్నమ్మా. చేతులకే వచ్చింది” అంది.

శారదాంబ గారు నా వైపు చూశారు. బాలవ్వ కూడా చూసింది. నేను అన్న మాటలు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నాయి. “బండకేసి బాది ఉంటుందండీ. నేనిచ్చినప్పుడు బాగానే ఉంది.”

బాలవ్వ చీర కొంగు ముక్కు దగ్గర పెట్టుకుంది. ఒక్క క్షణం. తరవాత నా కళ్లలోకి చూసింది. నేను జరీ అంచు వైపు చూస్తూ నిలబడ్డాను. ఇప్పుడు చెబుతుంది, నా పని అయిపోయింది అనుకున్నాను.

“ఇప్పి సూడక తీసుకున్ననమ్మా. తప్పు నాదే” అంది శారదాంబ గారితో. నా వైపు తిరిగి, “పోయొస్త అమ్మా” అంది. బిడ్డా అనలేదు.

వారం తిరక్కుండా మిగతా తొమ్మిది ఇళ్లూ బట్టలు ఉప్పల్లో ఒక లాండ్రీకి వేయడం మొదలుపెట్టాయి. శారదాంబ గారు వద్దన్న మనిషిని ఎవరు రానిస్తారు? నేనైనా ఇవ్వొచ్చు. నేనొక్కదాన్నే ఇస్తే ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని నేనూ మానేశాను. ఇంట్లోనే ఉతుక్కున్నాను, ఆమె నేర్పినట్టే, గంటసేపు నానబెట్టి. మిగతా అంతా భయంలో జరిగిందని సర్దిచెప్పుకోవచ్చు. ఇది మాత్రం బాగా ఆలోచించి చేసిన పని.

ఏడాది తరవాత మాకు బదిలీ అయింది. సామాన్లు కట్టేశాక, ఒక్కదాన్నే నాచారం ఊళ్లోకి వెళ్లాను. బాలవ్వ అప్పుడే మల్లాపూర్ నుంచి వచ్చి గడప మీద కూర్చుంది. అక్కడ ఒక వర్క్‌షాపులో నూనె గుడ్డలు ఉతికే పని దొరికిందట. అరచేతులు పగిలి, గీతల్లో నలుపు పట్టి ఉన్నాయి. ఏ మరకకు ఏం కావాలో తెలిసిన చేతులవి.

“బాలవ్వా, ఆ చీర నేనే పాడు చేశాను. బ్లీచింగ్ పొడిలో వేశాను.”

“ఎర్కే. గా దినమే వాసన తెలిసింది.”

“మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?”

“నువ్వు గట్ల అన్నంక నేను జెప్తె ఎవలు నమ్ముతరు?” అంటూ అరచేతులు కొంగుకు తుడుచుకుంది. “గా పెద్దమ్మకు జెప్పినవా?”

శారదాంబ గారికి చెప్పలేదని తల అడ్డంగా ఊపాను.

“మరి నాకు జెప్తె ఏమొస్తది? నాకు ఎర్కున్నదే గద.”

కోపంగా అనలేదు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చింది. తాగి వచ్చేశాను. తిరిగి వచ్చేటప్పుడు శారదాంబ గారి తలుపు తీసే ఉంది. ఆవిడ వసారాలో మల్లెపూలు కట్టుకుంటున్నారు. నా అడుగులు నెమ్మదించాయి. బదిలీ అయిపోయింది, ఇక ఆయన ఉద్యోగానికి వచ్చే ముప్పు కూడా లేదు. అయినా ‘వెళ్లొస్తామండీ’ అని మాత్రం అన్నాను. మర్నాడు లారీ వచ్చింది. ఆ తరవాత ఆ ఇద్దరినీ నేను చూడలేదు.

ఇప్పుడు మేం మేడిపల్లిలో ఉంటున్నాం. నా నూలు చీరలు ఇరవై ఏళ్లయినా అంచు చెదరలేదని చుట్టాలు మెచ్చుకుంటారు. ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, అదేదో అలవాటండీ అని తప్పించుకుంటాను. ఈ మాట రాస్తుంటే కూడా మొహం వేడెక్కుతోంది.

ఇస్త్రీ బండి శ్రీను వారానికి రెండుసార్లు వస్తాడు. నేను గడప ముందు కుర్చీ వేసుకుని ఒక్కో బట్టా విప్పి, వెలుతురుకు పట్టి చూపిస్తాను. మా మనవలకు అదొక నవ్వులాట. మొన్న, ఆ సీసా వాసన ఇల్లంతా ఉన్నప్పుడే, అతనూ తొందరపడ్డాడు.

“మీరు మంచిగున్నదని జెప్తున్నరు గదమ్మా. ఇంక ఇప్పి సూసుడెందుకు?”

“నేను చెప్పానని తీసుకోకు నాయనా,” అన్నాను. “విప్పి చూడు.”