నడుమెత్తు పరీక్ష

భీమశంకరం గారికి ఒక్కటే అలవాటు. ఎవరి చేతిలో సర్క్యూట్ బోర్డు కనబడినా తీసుకుని, నడుమెత్తు నుంచి సిమెంటు నేల మీదికి వదిలేసేవారు. విసిరేవారని అంటే మాత్రం నొచ్చుకునేవారు. "వదిలానురా. విసరడానికి నాకేం కోపమా?"

ఆయన ఢిల్లీలో మా ఇంజనీరింగ్ కాలేజీ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. పార్వతీపురం మనిషి. ఇరవై ఏళ్లు సైన్యంలో వైర్‌లెస్ సెట్లు బాగుచేసి వచ్చారు. లారీలో కొండలెక్కే సెట్టు కింద పడినా పలకాలన్నది ఆయనకు తెలిసిన ఏకైక సిద్ధాంతం. ప్రొఫెసర్లు మాకు మైక్రోకంట్రోలర్ల గురించి నల్లబల్ల మీద నేర్పితే, ఈయన నేల మీద నేర్పేవారు. దీపావళికి ఎవరో మిఠాయి డబ్బా చేతికిస్తే దాన్నీ వదిలేశారని కాలేజీలో చెప్పుకునేవారు. నేను నమ్ముతాను.

1996లో నా క్లాస్‌మేట్ కస్తూరీ, నేనూ కలిసి ఫైనలియర్ ప్రాజెక్టు చేశాం. పైపులో నీళ్లు రాగానే మోటారును తానే నడిపించే బోర్డు అది. నేను అప్పటికే ఒకసారి ప్రాజెక్టు తప్పాను. ఆ జూన్‌లో నాన్న రిటైరవుతున్నారు, ప్రభుత్వ క్వార్టరు ఖాళీ చేయాలి. డిగ్రీ చేతికొస్తే చేరమని నోయిడాలో ఒక కంపెనీ వాళ్లు చెప్పారు. ఈసారి తప్పితే అంతే సంగతులు.

భీమశంకరం గారికి ఇదంతా తెలుసు. అయినా మా బోర్డును ఎనిమిదిసార్లు వదిలారు.

"అంకుల్, ప్లీజ్! వైవా అయ్యాక పడేయండి నా!" అని బతిమాలేది ఢిల్లీలోనే పుట్టి పెరిగిన కస్తూరి.

"అయ్యాక ఊడితే అతకడానికి నువ్వుంటావా అమ్మా?"

ఠప్. బోర్డు మీది పచ్చ దీపం ఆరిపోయేది.

"ఎక్కడ ఊడిందో అదైనా చెప్పండి," అనేవాణ్ణి పళ్లు నూరుతూ.

"నేను వెతికితే నాకొస్తుందిరా త్యాగరాజూ. నువ్వు వెతుకు, నీకొస్తుంది."

స్టూలు మీద కూర్చుని, టీ తాగుతూ, నా చేతులకేసే చూసేవారు. చిన్నప్పటి నుంచి రేడియోలు విప్పి సొంతంగా పని నేర్చుకున్నవాణ్ణి. టంకం పెట్టడంలో నా అంతటివాడు లేడనుకునేవాణ్ణి. ఎనిమిది పతనాల్లో ఆ అనుకోవడం కూడా ఊడిపోయింది. ఈరోజు నా చేతిపని ఎక్కడైనా నిలబడుతోందంటే ఆ సిమెంటు నేల పుణ్యమే.

వైవాకి బయటి యూనివర్సిటీ నుంచి ఎగ్జామినరు వచ్చారు. ఆ రోజుల్లో రెడీమేడ్ ప్రాజెక్టులు బజార్లో దొరికేవి. ఆయన మా బోర్డును తిరగేసి చూసి, కళ్లద్దాలు తీశారు.

"బజార్ సే లాయే హో నా?"

బజార్లో కొనుక్కొచ్చిందేనట, స్టూడెంట్ల పని ఇంత శుభ్రంగా ఉండదట. నేను సర్క్యూట్ వివరించాను, బట్టీ అన్నారు. కస్తూరి ప్రోగ్రాం చూపించింది, కాపీ అన్నారు. పెన్ను మూత తీశారు.

మూలన నిలబడ్డ భీమశంకరం గారు ముందుకొచ్చి, దీపం వెలుగుతున్న బోర్డును బ్యాటరీతో సహా ఎత్తారు.

"అంకుల్, నహీఁ!" కస్తూరి కేక.

ఠప్.

దీపం వెలుగుతూనే ఉంది.

"ఇది తొమ్మిదోసారి సార్," అన్నారాయన హిందీలో. "మొదటిసారి ఈ చిప్పు కాలు ఊడింది. రెండోసారి ఈ వైరు. ప్రతిదీ ఈ కుర్రాడే వెతికి, నా కళ్లముందే అతికాడు. కొనుక్కొచ్చినవాడికి ఎక్కడ ఊడిందో ఎలా తెలుస్తుంది? అడగండి."

ఒక్కో అతుకు మీద భీమశంకరం గారు వేలు పెట్టారు. ఏది ఎప్పుడు, ఎందుకు ఊడిందో నేను చెప్పుకుపోయాను. ఎనిమిదోదానికి వచ్చేసరికి ఎగ్జామినరు మార్కులు వేసేశారు. ఏటా ఎవరో ఒకరి మీద ఈ అనుమానం వస్తుందనీ, అందుకే ప్రతి బ్యాచ్ అతుకులనూ భీమశంకరం గారు ఇలా గుర్తుపెట్టుకుంటారనీ నాకు తర్వాత తెలిసింది.

సంతకం పెట్టి లేచిన ఎగ్జామినరు ఒకసారి తలుపు వైపు చూశారు. ఎవరూ రావడం లేదు. మెల్లిగా మా బోర్డును చేతిలోకి తీసుకున్నారు.

"ఏక్ బార్ మైఁ భీ?" ఒక్కసారి తనూ వదలొచ్చా అని.

"కాస్త కిందికి సార్," అన్నారు భీమశంకరం గారు, ఆయన మోచేయి పట్టుకుని సర్దుతూ. "నడుమెత్తు చాలు. మరీ ఎత్తు నుంచి వదిలితే దాన్ని విసరడమంటారు."