చెయ్యెత్తిన సాయంత్రం

పోయిన నెల ఒక ఆదివారం మా అమ్మాయి మెల్బోర్న్ పడమటి శివారు ట్రుగనీనా నుంచి ఫోన్ చేసి, తన కూతురు చదివే ప్రభుత్వ పాఠశాల కౌన్సిల్లో తనను సభ్యురాలిగా ఎన్నుకున్నారనీ, వచ్చే ఏడాది బడ్జెట్టు మీద మొదటి సమావేశం కూడా అయిపోయిందనీ సంబరంగా చెప్పింది. పిల్లలు ఆడుకునే చోట ఎండ తగలకుండా పైన గుడ్డ పందిరి వేయించాలట, దానికి వచ్చిన మూడు కొటేషన్లలో ఒకటి మా బావమరిది కొడుకుదట. "కజిన్ కదా నాన్నా, సో ఐ జస్ట్ డిక్లేర్డ్ ఇట్ అండ్ వాక్డ్ అవుట్. కారిడార్‌లో ఆ చిన్న చిన్న బ్యాగ్ హుక్స్ దగ్గర టెన్ మినిట్స్ నిల్చున్నాను, సో ఫన్నీ!" అని నవ్వింది. నేను ఫోను ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాను. అంతలో దానికేదో గుర్తొచ్చినట్టుంది, తన చిన్నప్పుడు బళ్ళో తనతో తెలుగులో మాట్లాడే ఆంటీ ఒకావిడ ఉండేది కదా, ఆవిడ ఉన్నట్టుండి ఎందుకు మానేసిందని అడిగింది. పాతికేళ్ళ కింద చెప్పిన జవాబే, నాకు తెలియకుండానే, అవే మాటల్లో నా నోట వచ్చింది. "బడ్జెట్ లేకపోయిందమ్మా."

దానికి అది ఏమందో చివర చెబుతాను. ముందు ఆ బడ్జెట్టు సంగతి చెప్పాలి.

ఆ రోజుల్లో అమీర్‌పేటలో మూడు నెలలు కోబాల్ ప్రోగ్రామింగు నేర్చుకుని, సూట్‌కేసులో ఆవకాయ సీసా, మెడలో టై పెట్టుకుని విమానమెక్కినవాళ్ళు ఈ పత్రిక చదివేవారిలో చాలామందే ఉంటారు. రెండువేల సంవత్సరం రాగానే కంప్యూటర్లన్నీ తేదీ తప్పి తలకిందులవుతాయని లోకమంతా భయపడుతున్న కాలమది, ఆ భయమే మనకు వీసా, మనకు జీతం, మనకు మెల్బోర్న్ తూర్పు శివారులో అద్దె ఇల్లు. నా పనల్లా వేరేవాడు రాసిన ప్రోగ్రాములో ప్రతి వరుసనూ అనుమానంగా చూడడమే. అంతా సరిగ్గానే ఉందని ఎవరైనా అంటే, వాడు బద్ధకస్తుడన్నా అయి ఉండాలి, ఏదో దాస్తున్నాడన్నా అయి ఉండాలి అనుకోవడం అలవాటైపోయింది. ఆ అలవాటు ఆఫీసులో వదిలేసి వచ్చి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కిరాణా కొట్టువాడి తూకాన్నీ, ఇంటి యజమాని నవ్వునూ కూడా నేను అలాగే చూసేవాణ్ణి.

మా అమ్మాయిని ఆ ఏడాదే అక్కడి ప్రభుత్వ బళ్ళో ప్రెప్‌లో, అంటే ఒకటో తరగతికి ముందు తరగతిలో, చేర్చాం. ఇంట్లో గలగలలాడే పిల్ల బళ్ళో రెండు నెలలపాటు నోరు విప్పలేదు, మంచినీళ్ళు కావాలని కూడా అడగలేదు. దాన్ని మాట్లాడించింది ఆ బళ్ళో సహాయకురాలిగా గంటల లెక్కన పనిచేసే ఒక హైదరాబాదీ ముస్లిం ఆవిడ. ఉర్దూ, హిందీ, తెలుగు మూడూ వచ్చు గనుక కొత్తగా వచ్చిన మన పిల్లల పక్కన కూర్చుని, టీచరు చెప్పింది వాళ్ళ భాషలో ఒకసారి, ఇంగ్లీషులో ఒకసారి చెప్పేది. ఒక మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి మా పిల్ల ఆవిడ చున్నీ కొస పట్టుకుని, ఇంట్లో అమ్మ దోసె మాడ్చిన వైనం వర్ణించి చెబుతోంది. ఆవిడ నన్ను చూసి, "మీ బిడ్డ మాటల పుట్ట అన్నా, ఇన్ని దినాలు యాడ దాచిపెట్టిందో!" అంది. ఆ రోజు కారులో కూర్చుని కళ్ళు తుడుచుకున్నాను.

ఆవిడ భర్త మా వీధి చివర దినుసుల కొట్టు నడిపేవాడు. కందిపప్పు, ఫోన్ కార్డులు, అద్దెకు సినిమా కేసెట్లు. వరంగల్లు దగ్గర పెరిగినవాడు, నాకంటే పెద్దవాడు, అందుకని నన్ను తమ్ముడనేవాడు, నేను అన్న అనేవాణ్ణి. పాఠశాల కౌన్సిల్లో అప్పటికే తల్లిదండ్రుల తరఫున సభ్యుడు. కంప్యూటర్లు తెలిసినవాడు ఒకడుంటే మంచిదని నన్ను చేర్పించింది కూడా ఆయనే. నేను మాత్రం, వ్యాపారి ఊరికే ఎందుకు చేర్పిస్తాడు, తన పక్షానికి ఒక ఓటు కావాలి కాబోలు అనుకున్నాను. ఆయన నాలాగే గుంటూరు వాడై, మా కులం వాడై ఉంటే అలా అనుకునేవాణ్ణి కాదని ఇప్పుడు ఒప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, నిజమది.

ప్రభుత్వ బడి బడ్జెట్టు ఎలా తయారవుతుందో అక్కడే మొదటిసారి చూశాను. పన్నులు పెంచకూడదని ప్రభుత్వం పట్టుబట్టి కూర్చున్న రోజులు, ఊరి కౌన్సిలు ఇంటిపన్నుకు కూడా పైన గీత గీసేశారు. బడికి పిల్లవాడికింత అని లెక్కగట్టి ఒక మొత్తం ఇస్తారు, అందులో చాలా భాగం టీచర్ల జీతాలకే పోతుంది. తల్లిదండ్రులను చందా అడగొచ్చు గాని ఇవ్వకపోతే ఏమీ అనకూడదు. మిగిలిన కాస్తలోనే కరెంటు, ఊడ్చేవాళ్ళు, గడ్డి కోత, కారే కప్పు, సహాయకుల గంటలు, అన్నీ. కొత్తది ఒకటి కావాలంటే పాతది ఒకటి తీసేయాల్సిందే. అధ్యక్షుడు ఒక ప్లంబరు, మోకాళ్ళ దాకా నిక్కరుతో పనిలోంచి నేరుగా వచ్చేవాడు. "ఇట్స్ ఎ షార్ట్ బ్లాంకెట్, మేట్," అని నాకు మొదటి రోజే చెప్పాడు, తల కప్పుకుంటే కాళ్ళు బయటికొస్తాయని.

నేను దుప్పటిని నమ్మలేదు. ఎక్కడో మడత పెట్టి దాచారనుకున్నాను. ఆఫీసులో లెక్కలు చూసే పెద్దావిడ ఇచ్చిన కాగితాలన్నీ ఎర్ర పెన్నుతో గీసుకుని వెళ్ళి, గడ్డి కోసేవాడికి అంత ఎందుకు, అత్యవసరానికని పక్కన పెట్టింది ఎవరి కోసం అని అడిగేవాణ్ణి. ఆవిడ ఓపిగ్గా బిస్కట్ల డబ్బా నా వైపు జరిపి, ఒక్కొక్క రసీదూ తీసి చూపించేది. ఒకసారి పట్టుకుందామని సభ్యుల సొంత ప్రయోజనాలు నమోదు చేసే పుస్తకం కూడా తిరగేశాను. అందులో ఆవిడ, గడ్డి కోసే మనిషి తన పక్కింటివాడని తనంతట తానే రాసి సంతకం పెట్టి ఉంది. పక్కింటివాడు కూడా ఒక బంధువేనా అని ఇంటికొచ్చి మా ఆవిడతో చెప్పి నవ్వాను.

బంధువంటే గుర్తొచ్చింది. మా బావమరిది అప్పటికి ఎనిమిది నెలలుగా మా ఇంట్లోనే ఉన్నాడు. ఇంజనీరు, ఉద్యోగం దొరక్క కూరగాయల గోదాములో క్యారెట్లు మూట కడుతున్నాడు. ప్రతి ఆదివారం మా అత్తగారు ఫోన్లో కూతుర్ని అడిగే మొదటి ప్రశ్న వాడి గురించే, మా ఆవిడ నా వైపు చూసే మొదటి చూపూ దాని గురించే. వాడూ, వాడి స్నేహితుడూ కలిసి స్నేహితుడి పేరు మీద ఒక చిన్న కంప్యూటర్ల సంస్థ పెట్టారు, పని మాత్రం ఒక్కటీ లేదు.

ఇక్కడ నా తప్పు మొదలవుతుంది. బళ్ళో కంప్యూటర్లు నేనే పరీక్షించాను. తేదీ ముందుకు జరిపి చూస్తే తరగతి గదుల్లోవన్నీ నిక్షేపంగా నడిచాయి. లైబ్రరీలోది ఒక్కటి మాత్రం ఎవరో పిల్లవాడు తీసుకెళ్ళిన బొమ్మల పుస్తకం వందేళ్ళ నుంచి తిరిగి రాలేదని చూపించింది. దాన్ని సరిచేసే డిస్కు ఉచితంగా దొరుకుతుంది, పావుగంట పని. నేను ఆ మాట రాయలేదు. అన్ని యంత్రాలనూ బయటివాళ్ళ చేత తనిఖీ చేయించాలనీ, కొన్ని మార్చాలనీ, ఆలస్యం చేస్తే బాధ్యత నాది కాదనీ గంభీరంగా నివేదిక రాశాను. మూడు కొటేషన్లు తెప్పించారు. మిగతా రెండింటిలో అంకె ఎంతో చూసి, ఇంట్లో అన్నం తింటూ బావమరిదికి చెప్పేశాను. వాడిది అన్నిటికంటే తక్కువ వచ్చింది, రాకేం చేస్తుంది!

ఆ డబ్బు ఎక్కడి నుంచి తీయాలన్నదే ప్రశ్న. గంటల లెక్కన, ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగం ఆ బళ్ళో ఒక్కటే, మా అమ్మాయిని మాట్లాడించిన ఆవిడది.

ఆఖరి సమావేశం డిసెంబరులో, ఇక్కడి ఎండాకాలం మొదట్లో, సాయంత్రం ఇంకా వెలుతురుండగా స్టాఫ్ రూములో జరిగింది. ఆ అంశం రాగానే నేను చెయ్యెత్తి, సహాయకురాలు మన సభ్యుడి భార్య గనుక నియమం ప్రకారం ఆయన బయటికి వెళ్ళాలని నాకొచ్చిన ఇంగ్లీషులో స్పష్టంగా అన్నాను. నా మాట పూర్తవకముందే ఆయన లేచాడు. వెళుతూ నా వైపు ఒకసారి చూశాడు. ఆ చూపులో కోపం లేదు, ఏదో అడగబోయి మానుకున్నట్టుంది. అధ్యక్షుడు బల్ల చుట్టూ చూసి, "ఎనీవన్ ఎల్స్?" అన్నాడు.

ఎవరెవరు దగ్గరివాళ్ళో చెప్పే ఒక కాగితం మా ముందుండేది. భార్య, భర్త, తల్లిదండ్రులు, పిల్లలు. బావమరిది లేడు. మన ఇళ్ళల్లో పెళ్ళికైనా, పేచీకైనా ముందు పిలిచేది బావమరిదినే, ఆ సంగతి ఆ కాగితం రాసినవాళ్ళకు తెలియదు, నాకు తెలుసు. నేను కాగితం వైపు చూస్తూ కూర్చున్నాను. ప్రిన్సిపల్‌గారు, సహాయకురాలు లేకపోతే కొత్త పిల్లల గతేమిటని రెండుసార్లు అడిగింది. కంప్యూటర్లు ఆగిపోతే మొత్తం బడి గతేమిటని నేను మూడుసార్లు భయపెట్టాను. కంప్యూటర్లకు నలుగురు, ఆవిడకు ముగ్గురు. నేను కూడా లేచి వెళ్ళి ఉంటే ఓట్లు సమానమయ్యేవి, అప్పుడు అధ్యక్షుడి మాట చెల్లేది, ఆయన ఆవిడ వైపు. గాజు తలుపులోంచి అన్న కనబడుతూనే ఉన్నాడు, పిల్లలు బ్యాగులు తగిలించే కొక్కేల పక్కన, నడుము ఎత్తు కూడా లేని కొక్కేల పక్కన, చేతులు వెనక్కి కట్టుకుని గోడ మీది బొమ్మలు చూస్తూ.

ఇక్కడి బళ్ళు జనవరి చివర గాని తెరవరు. తెరిచాక కంప్యూటర్లన్నీ నడిచాయి. నా జాగ్రత్త వల్లేనని అందరూ నా చెయ్యి పట్టుకుని ఊపారు. మా అమ్మాయి మొదటి రోజే వచ్చి ఆంటీ ఏదని అడిగింది. బడ్జెట్ లేకపోయిందమ్మా అన్నాను. ఆ చలికాలం వచ్చేసరికి నేను తెలుగులో అడిగితే ఇంగ్లీషులో జవాబు చెప్పడం మొదలుపెట్టింది. అందరి పిల్లలూ అంతేనని అనుకున్నాను, అది కొంత నిజం కూడా. అన్న కౌన్సిల్ నుంచి తప్పుకున్నాడు. ఆవిడ వృద్ధుల ఆశ్రమం వంటింట్లో పనికి కుదిరిందని విన్నాను. మేము పప్పులు వేరే కొట్లో కొనడం మొదలుపెట్టాం.

నాలుగేళ్ళ కింద, ట్రుగనీనాలో ఒక దుకాణం ముందు మామిడిపళ్ళ పెట్టెల కోసం వరుసలో నిలబడి ఉంటే, వెనక నుంచి భుజం మీద చెయ్యి పడింది. గడ్డం పూర్తిగా నెరిసింది గాని నవ్వు అదే.

"ఏం తమ్ముడూ, గుర్తువట్టినవా, లేకుంటే ఐడీ కార్డు జూపియ్యాల్నా?"

అక్కడే ఉన్న కొడుకు దగ్గరికి మారారట. ఆవిడకు మోకాళ్ళ నొప్పులు తప్ప బాగానే ఉందట, మా అమ్మాయిని ఇప్పటికీ మాటల పుట్ట అనే తలుచుకుంటుందట. ఆ మాటతో నాకు తెగువ వచ్చి, ఎండలో, ఆ వరుసలోనే, బావమరిది సంగతి చెప్పేశాను. ఆయన అంతా విని, అప్పటికే కొన్న తన పెట్టె మీద తాళ్ళు బిగిస్తూ అన్నాడు.

"నాకెర్కనే. మీటింగుకు రెండు దినాల ముందు మీ బామ్మర్ది నా కొట్ల గోంగూర పచ్చడి కొన్కుంట, మా బావ బళ్ళె కాంట్రాక్ట్ ఇప్పిస్తుండు అన్నా అని ఖుష్‌గ జెప్పిండు. పాపం పోరడు."

"మరి ఆ రోజు చెప్పలేదేం అన్నా?"

"ఏమని జెప్పాలె? ఆ రూమ్‌ల మనోళ్ళం ఇద్దరమే. నేను బయటికి వోతే ఒక్కని మీద డౌట్. నిన్ను గూడ లేపితే, ఇగ మన ఎనకొచ్చేటోళ్ళందరి మీద. నువ్వు శానా హుషారు గద, గంత చిన్న లెక్క నీకెట్ల సమజ్ గాలేదో!" పెట్టె చేతిలోకి ఎత్తుకుని, "మీ వదినెకు జెప్పలే. జెప్తే నీ బిడ్డను యాదిచేస్కున్నప్పుడల్ల మనసు ఇరుగుతదని," అన్నాడు.

ఆయన నన్ను చేర్పించింది ఓటు కోసమని నేను అనుకున్నాను. ఆ గదిలో మనవాడు ఇంకొకడుంటే బాగుండునని ఆయన అనుకున్నాడు, అంతే. ఆయన పోట్లాడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

అన్నీ మారాయి. ఇప్పుడు ఆ కాగితంలో బావమరుదులే కాదు, చూసేవాళ్ళు దగ్గరివాళ్ళనుకోగల ఎవరినైనా చెప్పాలట. ఇప్పుడు ట్రుగనీనా బళ్ళో సగం మంది పిల్లలు ఇంట్లో వేరే భాష మాట్లాడేవాళ్ళే, ఎవరూ రెండు నెలలు మూగగా కూర్చోనక్కర్లేదు. ఎవరి గుట్టు ఏ కాగితంలో ఉందోనని ఎర్ర పెన్ను పట్టుకు తిరిగిన నాకు, వెతకవలసిన చోటు నేను కూర్చున్న కుర్చీయేనని తెలియడానికి ఒక జీవితం పట్టింది. మా అమ్మాయికి మొదటి సమావేశంలోనే తెలిసిపోయింది, అదీ నవ్వుకుంటూ.

బడ్జెట్ లేకపోయిందమ్మా అన్నాక అది మాట మార్చలేదు. నెమ్మదిగా, చాలా ఏళ్ళ తర్వాత, నాతో పూర్తిగా తెలుగులో అంది.

"బడ్జెట్ లేదంటే, ఎవరో చెయ్యెత్తారని కదా నాన్నా?"

అవునమ్మా అన్నాను. ఎవరని అది అడగకముందే, నేనేనని చెప్పి, ఆ ఆంటీ ఇల్లు మీకు రెండు వీధుల అవతలేనని కూడా చెప్పాను.