క్రేన్ ఆపరేటర్ చేతిలో మౌసు

జ్ఞానశేఖర్ గారు స్టీల్ ప్లాంటులో ముప్పై రెండేళ్లు క్రేన్ నడిపి రిటైరయ్యారు. ఎత్తున చిన్న గదిలో కూర్చుని, ఇక్కడి ఇనుము ఎత్తి అక్కడ దించడం ఆయన పని. అన్నేళ్లలో ఒక్క లోడు కూడా జారవిడవలేదని సీతమ్మధారలో అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెబుతారు. డిగ్రీ మధ్యలో వదిలేసి జిరాక్స్ షాపులో కూర్చున్న నాలాంటివాడికి పెద్దవాళ్ల గొప్పలు వినడం కూడా ఉద్యోగమే. చదివే పుస్తకంలోంచి తల ఎత్తకుండా ఊ కొట్టేవాణ్ణి.

మొన్న శనివారం మధ్యాహ్నం ఆయన గొప్పలేమీ చెప్పలేదు. తువ్వాలులో చుట్టి తెచ్చిన ల్యాప్‌టాప్‌ను బల్ల మీద పెట్టి కుర్చీలో కూలబడ్డారు.

"వంశీ, లోడు జారిపోనాదిరా."

ఆయన భార్య రోజలిన్ గారు ఇరవై ఏడేళ్లుగా చర్చిలో పాటల బృందం, క్వయర్, నడుపుతున్నారు. మర్నాడు ఆదివారం ఆ బాధ్యత చిన్నవాళ్లకు అప్పగిస్తున్నారు. చర్చిలో నిలబడి పాడినప్పటికంటే వంటింట్లో చేపలు తోముతూ పాడుకున్నప్పుడే ఆవిడ గొంతు బాగుంటుందని ఈయన నమ్మకం. ఎదురుగా ఫోన్ పెడితే ఆవిడ పాడరు. అందుకని బియ్యం డబ్బా వెనక ఫోన్ దాచి, నాలుగేళ్లలో నలభై ఒక్క పాటలు రికార్డు చేశారు. వాటిలో పన్నెండు ఏరి, ఆరాధన అయ్యాక అందరికీ వినిపించాలి. ఆవిడకు తెలియదు.

ఆ పన్నెండే కనిపించడం లేదు.

"అసలేం చేశారండీ?"

"నువ్వు నేర్పిందే సేసాను. ఆరోజు పెన్‌డ్రైవ్‌లోంచి పాటలు పట్టుకుని ఇందులోకి లాగేం కదా. అక్కడా ఉన్నాయి, ఇక్కడా ఉన్నాయి. లాగితే రెండవుతాయనుకుని పెన్‌డ్రైవ్ ఖాళీ సేసీసాను. పొద్దున్న 'ఆదివారం' అని ఫోల్డరొకటి పెట్టి, పన్నెండూ పట్టుకుని లాగేను. సూత్తే ఉన్నసోట లేవు. ఆదివారంలోనూ లేవు. బయమేసి కంప్యూటర్ ఆపీసాను."

"ఫోన్లో?"

"ఆ ఫోను మార్సీసి ఏడాదైపోనాది."

ఆయనకు నేర్పినరోజు నేను చదివే పుస్తకం మంచి పట్టులో ఉంది. లాగండి, వదలండి అని చెప్పి ఊరుకున్నాను. ఒకే డ్రైవులో లాగితే ఫైలు ఉన్న చోటు వదిలి వెళ్లిపోతుందని చెప్పలేదు.

ల్యాప్‌టాప్ ఆన్ చేసి, వెతికే గడిలో రోజలిన్ అని కొట్టాను; పాటలన్నిటికీ ఆయన పెట్టిన పేరు అదే. ఆయన తువ్వాలు అంచు నలుపుతూ కూర్చున్నారు. కాసేపటికి మిగతా పాటల కింద ఆ పన్నెండు పేర్లూ వరుసగా వచ్చాయి. ఉన్న చోటు: 'కరెంటు బిల్లులు'. 'ఆదివారం' పక్క ఫోల్డరే. ఒక్క వేలెడు పక్కన వదిలేశారు.

మొదటి పాట నొక్కాను. మధ్యలో పాలు పొంగినట్టున్నాయి. "అయ్యో నా పాలు" అని రోజలిన్ గారు నవ్వి, ఆపిన చోటు నుంచే మళ్లీ ఎత్తుకున్నారు. జ్ఞానశేఖర్ గారు తువ్వాలుతో మొహం తుడుచుకున్నారు.

"అయితే జారలేదన్నమాట. పక్కన దించీసాను."

"అవును. కరెంటు బిల్లుల మీద."

"మీ ఆంటీకి సెప్పకు. నా పాటలు బిల్లుల్లో పడేసావా అని జన్మంతా సంపుతాది. ఒకటి సెప్పు, ఆరోజు రెండయినవి ఈరోజు ఒకటే ఎందుకుండిపోనాయి?"

నేను డ్రైవుల గురించి మొదలుపెట్టాను. రెండు వాక్యాలు వినగానే ఆయన చెయ్యెత్తి ఆపారు.

"ఆగు. ఒకే షెడ్డులో అయితే నా క్రేన్ ఎత్తి దించుతాది, పాత సోటు కాళీ. పక్క షెడ్డుకి నా పట్టాలు పోవు. అక్కడ కావాలంటే అలాంటిదే ఇంకోటి పోత పొయ్యాల. ఇక్కడిది ఇక్కడే ఉంటాది. అంతే కదేటి?"

అంతే. ఇంత తేలిగ్గా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేకపోయాను. కొంచెం కుళ్లుగా కూడా అనిపించింది. ఆ కుళ్లుతోనే ఇంకో సంగతి చూపించాను. మౌసు కుడి మీట నొక్కిపట్టి లాగితే, వదిలేటప్పుడు కాపీ చేయాలా, తరలించాలా, మానేయాలా అని అదే అడుగుతుంది.

ఆయన నిటారుగా కూర్చున్నారు.

"ఇది సిగ్నల్‌మేను. కిందనుంచి ఆడు సెయ్యి సూపించకుండా ఏ లోడూ దించకూడదు. ఇంత ముక్యమైంది ముందు సెప్పకుండా, ఏటి సదువుతన్నావురా ఆ పుస్తకాల్లో?"

మౌసు ఆయనకిచ్చేశాను. ఒక కన్ను మూసి, ఊపిరి బిగబట్టి, పన్నెండు పాటలనూ కుడి మీటతో పెన్‌డ్రైవ్ మీదికి తీసుకెళ్లారు. అది అడిగింది. ఆయన కాపీ అన్నారు. రెండు చోట్లా లెక్కపెట్టుకుని, మళ్లీ ఒకసారి లెక్కపెట్టుకుని, లేచారు.

ఆదివారం నేనూ వెళ్లాను. భోజనాలున్నాయని వెళ్లానని అందరికీ చెప్పాను. స్పీకర్లో పాలు పొంగగానే చర్చి అంతా నవ్వింది. రోజలిన్ గారు ముందు భర్తవైపు ఉరిమి చూశారు. ఆ తర్వాత, కూర్చున్న చోటే, తన పాటకు తానే రెండో గొంతు కలిపారు. వెనక వరుసలో క్వయర్ పిల్లలు అందుకున్నారు. నాకు పాట రాదు, అయినా పెదాలు కదిపాను.

పాట అయ్యాక ఆవిడ మెల్లిగా అడగడం నాకు వినిపించింది.

"బియ్యం డబ్బా ఎనకాలేనా?"

జ్ఞానశేఖర్ గారు క్రేన్ ఉండాల్సినంత ఎత్తులో ఉన్న పైకప్పును చూస్తూ, లోపల్లోపల నవ్వుకుంటూ కూర్చున్నారు.