తోకుజీ చెవి

మా లోయలో టర్బో కారు తయారు చేయించుకోవాలంటే సుగవారా తోకుజీ గారి షెడ్డుకే వెళ్లాలి. వెళ్లినవాడికి మొదట దొరికేది నిరాశే. వాడు బలం కావాలని వస్తాడు, ఆయన బ్రేకుల సంగతి ఎత్తుకుంటారు. తర్వాత ఇంజన్ నూనె చల్లబడే ఏర్పాటు. ఆ తర్వాత నాలుగు చక్రాల కింద నాలుగు కాటాలు పెట్టి, నడిపే మనిషి బరువంత బియ్యం బస్తాలను సీట్లో కూర్చోబెట్టి, ఏ చక్రం మీద ఎంత పడుతోందో చూసుకుంటూ రెండు రోజులు స్ప్రింగులు సరిచేస్తారు. టర్బో ఒత్తిడి పెంచడం అన్నిటికంటే ఆఖరున.

“పెళ్లిచూపుల్లో నన్నూ బ్రేకులు పడతాయా అనే అడిగారు,” అనేది ఆయన భార్య హనాయె. “పడతాయన్నాను. అబద్ధం.”

అదీ అయ్యాక మిగిలేది చెవి పని. రాగి గొట్టం ఒక కొసను చదును చేసి ఇంజనుకు బోల్టుతో బిగిస్తారు. రెండో కొసకు రబ్బరు గొట్టం తగిలించి, కిటికీలోంచి లోపలికి తెచ్చి చెవిలో పెట్టుకుంటారు. పెట్రోలు వేళకు ముందే అంటుకుంటే నువ్వులు వేగుతున్నట్టు సన్నగా చిటపట వినిపిస్తుంది. దాన్ని వదిలేస్తే పిస్టన్ కరుగుతుంది. నూనె వెనక చక్రాల కింద పడుతుంది. మలుపులో అడ్డంగా జారుతున్న కారు ఆ తర్వాత ఎవరి మాటా వినదు. ముప్పై ఏళ్లుగా ఆయన గొట్టం తీసి “సరే” అంటే, ఆ ఒక్క మాట మీద జనం ప్రాణాలు పెట్టి నడిపారు.

ఆ సెప్టెంబరులో ఒక సాయంత్రం ఆయన, “కీచురాళ్లు ఇంకా రాలేదేమే?” అన్నారు.

గుమ్మం అవతల చేనంతా వాటి రొదే. హనాయె చేతిలోని గిన్నె కింద పెట్టి, “ఈసారి ఆలస్యమేమోనండీ,” అంది. మా దగ్గర పెద్దవాళ్ల లోటు కంటపడితే చూపు పక్కకు తిప్పుకోవడమే మర్యాద.

అక్టోబరు చివర రిత్సుకో కారు సిద్ధమైంది. రిత్సుకో వారమంతా చేపల లారీ తోలుతుంది, ఆదివారం మలుపుల్లో కారును కావాలనే అడ్డంగా జారిస్తూ డ్రిఫ్ట్ చేస్తుంది. కారు గొంతు యజమాని కూడా వినాలని తోకుజీ గారి పద్ధతి. గొట్టం ఆమెకు అందించారు.

“మాస్టారూ, లోపల ఏదో వేగుతున్నట్టుందే?”

“ఆకలేస్తోందేమో నీకు. నాకు వెన్నలా ఉంది.”

ఆమె నవ్వేసింది. మాస్టారు బాగుందన్నాక బాగున్నట్టే. మంచి ఇంజను ఇలాగే పలుకుతుంది కాబోలు అనుకుంది.

ఆదివారం పొద్దున కొండ మీది ట్రాకులో తొలి మంచు పడింది. చల్లగాలి చిక్కగా ఉంటుంది, టర్బో దాన్ని ఇంజనులోకి మరింత కూరుతుంది. మొదటి చుట్టు ఎప్పటిలాగే ఆయన పక్క సీట్లో, గొట్టం చెవిలో. పల్లంలోకి దిగే మలుపు దగ్గర ఆ చిటపట గొట్టం లేకుండానే రిత్సుకోకు వినిపించింది. కాలు తీసేసి కారు పక్కకు ఆపింది.

“ఎందుకాపావ్?”

“భయమేసింది మాస్టారూ. తప్పు నాదే.”

“కారుకి లేని భయం నీకెందుకు? దిగు.”

ఆయనే నడిపారు. కంచె దగ్గర హనాయె అన్నం ముద్దల డబ్బాతో నిలబడి ఉంది. రిత్సుకో పరుగున వచ్చింది.

“అక్కా, అది మీకూ వినిపిస్తోందా?”

“ఆయనకే వినిపించట్లేదు,” అంది హనాయె. ఆ మాట పైకి అనడం ఆమెకు అదే మొదటిసారి.

పల్లం మలుపులో ఠప్పుమంది. తెల్లటి పొగ. కారు రెండుసార్లు గిర్రున తిరిగి టైర్ల గోడకు వీపు ఆనించి ఆగింది. తూకం సరిగ్గా ఉన్న కారు, బోల్తా పడలేదు. ఆయన తలుపు తీసుకుని నడిచి వచ్చారు.

“ఏం వినిపించింది మీకు?” అని ఇద్దరినీ అడిగారు.

హనాయె చెప్పింది. ఎప్పటి నుంచి తనకు అనుమానమో కూడా చెప్పింది. ఆయన కోప్పడలేదు. మంచు మీద అలాగే చతికిలబడి వేళ్లు మడవడం మొదలుపెట్టారు. ఎండాకాలం నుంచి ఆ చెవితో విని పంపిన కార్లు పదకొండు.

ట్రాక్ ఆఫీసు ఫోనులోంచి హనాయె ఒక్కొక్కరికీ చేసింది. కారు తీయొద్దు, కారు తీయొద్దు. పదిమంది దొరికారు. పదకొండోవాడు షిషిదో అనే కుర్రాడు; ఫోను వాడి తల్లి ఎత్తింది.

“అయ్యో, ఇందాకే వెళ్లాడండీ, కొండదారిన. జాగ్రత్త అంటే, ‘తోకుజీ గారు విన్న కారమ్మా, నీకేం భయం’ అని నన్నే కసిరాడు. ఏమన్నా చెప్పమంటారా?”

“వెళ్లిపోయాడట,” అని హనాయె ఫోను ఆయన చేతిలో పెట్టింది. ఆయన దాన్ని గట్టిగా చెవికి అదుముకున్నారు.

“రాగానే తాళాలు లాక్కోండమ్మా,” అన్నారు. “రాగానే.”