మొదటి డ్యూటీ రోజు కారు మీద మంచు

కారు కొన్నాక కెనడాలోని విండ్సర్‌లో మాకది మొదటి చలికాలం. మూడేళ్లు పరీక్షలు రాసి నర్సింగ్ లైసెన్స్ తెచ్చుకున్న నా భార్యకు ఆ ఉదయం ఆసుపత్రిలో నర్సుగా మొదటి డ్యూటీ. ఏడింటికల్లా అక్కడుండాలి. ఆరుంబావుకి బయటికొచ్చి చూస్తే, రాత్రి కురిసిన వాన కారు మీదంతా గడ్డకట్టి ఉంది. వైపర్లు అద్దానికి అతుక్కుపోయాయి.

మంచు గీకే స్క్రేపర్ ఇంకా కొనలేదు. వంటింట్లోంచి అట్లకాడ తెచ్చి గీకబోతే, అది జారి బానెట్ మీద జానెడు పొడుగున పెయింట్ లేచిపోయింది. ఆమె గుమ్మంలో నిలబడి మాటిమాటికీ టైం చూసుకుంటోంది. నాకు కంగారు పెరిగి వైపర్‌ని గట్టిగా లాగాను. రబ్బరు చిరిగి చేతిలోకొచ్చింది. ఇక లోపలికి పరిగెత్తి కెటిల్‌తో మరిగే నీళ్లు తెచ్చాను.

"ఆగు బాబూ! వేడినీళ్లు పోస్తే గ్లాస్ క్రాక్ అవుద్ది!" అని ఎదురింటి ఆంటీ అరిచారు. ఆవిడ రిటైరైన డాక్టరు. ఆవిడ కారు వైపర్లు ముందే పైకెత్తి ఉన్నాయి, అద్దం మీద పాత దుప్పటి కప్పి ఉంది. దాన్ని లాగేసి, "ఎక్కమ్మా, నేను డ్రాప్ చేస్తా. నువ్వు ఇంజిన్ ఆన్ చేసి హీటర్ పెట్టు బాబూ, అదే కరుగుద్ది," అన్నారు.

వాళ్లు వెళ్లాక కారులో కూర్చున్నాను. ఉండలేక దిగాను, మళ్లీ ఎక్కాను. అంత జారుడు రోడ్డు మీద ఇద్దరినీ పంపానన్న గుబులు. ఏడుకి పది నిమిషాలుందనగా "చేరాను" అని మెసేజ్ వచ్చింది. జవాబు టైప్ చేయబోతే వేళ్లు కదల్లేదు. గ్లవ్స్ వేసుకోలేదని అప్పుడు తెలిసింది.