'కంచె' సంపాదకుడి గురువారం బస్సు

ఆబ్రీ థర్లోకి కారు నడపడం రాదు. ఈ సంగతి ఇంగ్లండులో, ష్రాప్‌షైర్‌లోని ఆ చిన్న ఊరంతటికీ తెలుసు. తెలియనిది ఆయన పాఠకులకే. 'కంచె' అనే సంప్రదాయవాద మాసపత్రికకు ఆయనే సంపాదకుడు, ప్రధాన రచయిత. కవర్ల మీద చిరునామాలు అంటించేదీ ఆయనే. కాలేజీలో ఎర్రజెండా పట్టాడనీ, సమ్మెలో వానకు తడిసి జ్వరమొచ్చాక ఇటు తిరిగాడనీ గిట్టనివాళ్లు అంటారు. ఊళ్లో గిట్టేవాళ్లెవరూ లేరు గనక అదే చరిత్రయింది.

గురువారం గురువారం ప్రూఫులు పట్టుకుని, డిలిస్ గాఫ్ నడిపే బస్సెక్కి పట్నంలోని ప్రెస్సుకు వెళ్లేవాడు. వారం మొత్తంలో ఆయన్ను పలకరించేది ఆ డ్రైవరమ్మ ఒక్కతే.

ఇంతలో బస్సు ఎత్తేస్తామంటూ కౌన్సిల్ నోటీసు అంటించింది. అందులో 'కంచె' వాక్యమే ఉంది: "నష్టాల బస్సును జనం పన్నులతో మోయకూడదు."

చర్చి హాల్లో సమావేశం పెట్టారు. కౌన్సిల్ అధికారి ఎదురుగానే డిలిస్ లేచింది.

"మీ మాట పట్టుకునే ఎత్తేస్తున్నారు థర్లో గారూ. పొరపాటుగా రాశానని ఒక్క ముక్క అనండి, ఎత్తేయడం ఆగిపోతుంది."

వెనక నుంచి మాంసం కొట్టు హాడ్నెట్ అందుకున్నాడు. "చర్చి గంట ఉండాలి, నక్కల వేట ఉండాలి, పాతదేదీ పోకూడదని రాస్తారుగా దొరగారు! బస్సేం పాపం చేసిందండీ? మీ పత్రిక కంటే పాతది!"

హాలంతా గొల్లుమంది. థర్లో చెవులు కందిపోయాయి. ఆ బస్సు లేకపోతే తన బతుకేమిటో ఆయనకు తెలుసు. అయినా లేచి గొంతు సవరించుకున్నాడు.

"రాసింది రాసిందే. నాకు అవసరమొచ్చిందని సూత్రం మారదు."

ఆయన తిరిగి కూర్చునేసరికి ఆ వరసంతా ఖాళీ అయింది.

బస్సు ఆగిపోయిన మొదటి గురువారం వాన. ప్రూఫులు కోటులో దాచుకుని నడుస్తున్నాడు. హాడ్నెట్ కారు కావాలనే నీళ్ల గుంతలోంచి వెళ్లి ఆయన్ను తడిపింది. ఆ తర్వాత డిలిస్ సొంత వ్యాను వచ్చి ఆగింది.

"ఎక్కండి."

"ఊరికే ఎక్కను."

"ఊరికే ఎవరెక్కించుకుంటారండీ? పట్నం దాకా నోరు మూసుక్కూర్చోవాలి. అదే టికెట్టు."

ఎక్కాడు. మిల్లు వంతెన దాకా బాగానే ఉన్నాడు. అక్కడ బండి గుంతలో పడి, తల పైకప్పుకు ఠంగున తగిలింది.

"ఈ రోడ్డు బాగుచేయడానికి కౌన్సిల్‌కు డబ్బు ఖర్చుపెట్టే బుద్ధి…"

బండి ఆగింది. డిలిస్ ఆయనకేసి చూడనైనా చూడలేదు.

దిగమనకముందే థర్లో తలుపు తీసుకున్నాడు.